వేదిక మీద కాదు, ఫలహారాల బల్ల దగ్గర

(గుడివాడలో జరిగిన పాఠకురాళ్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

బందరునుంచి, పెడననుంచి, కూచిపూడినుంచి వచ్చినవాళ్లున్నారు. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు వైపునుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చినవాళ్లున్నారు. మీలో చాలామంది చీకటి పడకముందే ఇంటికి చేరాలి. అందుకని చెప్పదలుచుకున్నది సూటిగా చెప్తాను.

"రచయిత్రి - పాఠకురాలు" అనే విషయం మీద మాట్లాడమన్నారు. మనం రచయిత్రుల నవలలు తలగడ కింద దాచుకుని చదివాం. వారపత్రికలో సీరియల్ పేజీలు చించి, కుట్టి, నలుగురం పంచుకుని చదివాం. సభల్లో వాళ్లకి దండలు వేశాం. కానీ ఎదురుగా కూర్చుని, "అమ్మా, ఇది ఇలా ఎందుకు రాశారు? మా సంగతి ఎందుకు రాయలేదు?" అని అడిగే అవకాశం మనలో ఎంతమందికి దొరికింది? చదివే స్త్రీకి అడిగే హక్కు ఉంది. ఆ హక్కు వాడుకోవటానికి ఒక చోటు, ఒక సమయం కావాలి. ఆ చోటు మనకి ఎవరూ ఏర్పాటు చెయ్యరు, మనమే చేసుకోవాలి. నేను చెప్పబోయేదంతా దీని గురించే.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. 1902లో భండారు అచ్చమాంబగారు, ఓరుగంటి సుందరీ రత్నమాంబగారు కలిసి బందరులో బృందావన స్త్రీల సమాజం స్థాపించారు. అచ్చమాంబగారు 1874లో పెనుగంచిప్రోలులో పుట్టారు. బడికి పంపించి చదివించిన మనిషి కాదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుగారు చదువుకుంటుంటే ఆయన పక్కన కూర్చుని చదువు పట్టుకున్నారు. "అబలా సచ్చరిత్ర రత్నమాల" రాశారు. 1902లోనే "ధనత్రయోదశి" అనే కథ రాశారు. 1910లో వచ్చిన "దిద్దుబాటు"నే తొలి తెలుగు కథ అని దశాబ్దాలపాటు పాఠాల్లో చెప్పుకుంటూ వచ్చారు. 1905లో, 30 ఏళ్ల వయసులో అచ్చమాంబగారు చనిపోయారు. రాసే స్త్రీ, చదివే స్త్రీ, చదువు రాని స్త్రీ ఒకచోట కూర్చోవాలని ఆవిడ ఆనాడే అనుకున్నారు. వంద సంవత్సరాలు దాటాక కూడా మనం ఆ చోటు కోసమే వెతుక్కుంటున్నాం.

ఆ తర్వాత మన కాలానికి దగ్గరగా వస్తే, 1960, 70 దశకాల్లో తెలుగు నవల అంటే స్త్రీలు రాసిన నవలే. యద్దనపూడి సులోచనారాణి, మాదిరెడ్డి సులోచన, కోడూరి కౌసల్యాదేవి, రంగనాయకమ్మ, మాలతీ చందూర్, వాసిరెడ్డి సీతాదేవి, ద్వివేదుల విశాలాక్షి, లత - ఇలా చెప్పుకుంటూ పోవచ్చు. వీళ్లందరూ ఒకేలా రాయలేదు. ఒకరి దారి ఇంకొకరిది కాదు. కానీ వీళ్లని చదివినవాళ్లని మాత్రం అందరూ ఒకే మాట అన్నారు. "వంటింటి సాహిత్యం", "మధ్యాహ్నం కాలక్షేపం" అన్నారు. మగవాళ్లు డిటెక్టివ్ నవలలు చదివితే అది సరదా. ఆడవాళ్లు సీరియల్ చదివితే అది చెడిపోవటం.

యద్దనపూడి సులోచనారాణిగారు మన మొవ్వ మండలం కాజ గ్రామంలో 1940లో పుట్టారు. 2018 మే నెలలో అమెరికాలో కన్నుమూశారు. ఆ కాజకి దగ్గర్లోనే కూచిపూడి ఉంది. కూచిపూడిలో తరతరాలుగా ఆడవేషాలు మగవాళ్లే కట్టారు. వేదాంతం సత్యనారాయణశర్మగారి సత్యభామని చూసి నిజంగా ఆడమనిషే అనుకున్నవాళ్లు ఉన్నారు. గొప్ప కళాకారులు, కాదనను. కానీ ఆ ఊరి ఆడపిల్లకి మాత్రం చాలాకాలం ఆ వేదిక ఎక్కే వీల్లేదు. సాహిత్యంలో ఏం జరిగిందో గమనించండి. స్త్రీల నవలలు బాగా అమ్ముడుపోతున్నాయని తెలిశాక మగవాళ్లు కొందరు ఆడవాళ్ల పేర్లు పెట్టుకుని రాశారు. పురాణం సుబ్రహ్మణ్యశర్మగారు "పురాణం సీత" పేరుతో "ఇల్లాలి ముచ్చట్లు" రాసిన సంగతి మీకు తెలిసిందే. ఆడవాళ్లు చదివే సాహిత్యమని చులకన చేసిన రోజుల్లోనే, ఆడవాళ్ల పేరు మాత్రం బజార్లో చెల్లింది.

సినిమా దగ్గరికి వద్దాం. మనం ఇప్పుడు గుడివాడలో ఉన్నాం. అక్కినేని నాగేశ్వరరావుగారు ఈ పక్కనే రామాపురంలో పుట్టారు, ఈ ఊళ్లో ఆయన పేరు మీద కాలేజీ ఉంది. ఆయన నటించిన "డాక్టర్ చక్రవర్తి" 1964లో వచ్చింది. అది కోడూరి కౌసల్యాదేవిగారి "చక్రభ్రమణం" నవల. 1971లో వచ్చిన "ప్రేమనగర్" కూడా ఆవిడ నవలే. 1972లో "విచిత్రబంధం", 1976లో "సెక్రటరీ" - ఈ రెండూ యద్దనపూడివారి నవలల మీద తీసినవి. హీరో ఎవరని అడిగితే గుడివాడలో చిన్నపిల్లవాడు కూడా చెప్తాడు. ఆ కథలు ఎవరు రాశారని అడిగితే ఎంతమంది చెప్తారు? నేను నాగేశ్వరరావుగారిని తక్కువ చెయ్యటం లేదు. ఊహించి, రాసి, లక్షలమందిని ఏడిపించి నవ్వించిన స్త్రీ పేరు ఎందుకు వెనక్కి పోతుందో ఆలోచించమంటున్నాను.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్న సంఘటన చెప్తాను. కొంతకాలం క్రితం బందరులో రెండురోజుల సాహిత్య సభలు జరిగాయి. పెద్ద పేరున్న ఒక నవలా రచయిత్రి వచ్చారు. ఆవిడ పేరు ఇక్కడ చెప్పటం లేదు. ఆవిడ మాతో మాట్లాడింది పత్రికల కోసం కాదు. "సంగతి చెప్పుకోండి, పేరెందుకమ్మా" అని ఆవిడే అన్నారు. నిర్వాహకుల పేర్లు కూడా అక్కర్లేదు, ఎందుకంటే దాదాపు అన్ని సభలూ ఇలాగే జరుగుతాయి.

వేదిక మీద పదకొండు కుర్చీలు వేశారు. అందులో ఆవిడది ఒకటి. మిగతా పదీ మగవాళ్లవి. ప్రార్థనా గీతం పాడింది ఆడపిల్లలు. పళ్లేల్లో శాలువాలు పట్టుకుని నిలబడింది ఆడపిల్లలు. వచ్చినవాళ్లకి పన్నీరు చల్లింది ఆడవాళ్లు. మాట్లాడింది మాత్రం మగవాళ్లు. ఆవిడ నవలల మీద ఒక పెద్దమనిషి ముప్పావుగంట మాట్లాడారు. "స్త్రీ హృదయ సౌకుమార్యం" అన్న మాట ఎన్నిసార్లు వాడారో నేను లెక్కపెట్టలేకపోయాను. చివరికి ఆవిడకి మైకు ఇచ్చేటప్పుడు, సమయం మించిపోయింది కాబట్టి ఐదు నిమిషాల్లో ముగించమని చీటీ పంపించారు. ఆవిడ మూడు నిమిషాల్లో ధన్యవాదాలు చెప్పి కూర్చున్నారు. సభికుల ప్రశ్నలకి సమయం లేదన్నారు.

పొద్దున టిఫిన్ ఆలస్యమైంది. దాన్నీ భోజనాన్నీ కలిపినట్టుగా పదకొండు గంటలకి ఫలహారాలు పెట్టారు. పట్నాల్లో దీన్ని బ్రంచ్ అంటారు. అతిథులకి మేడమీద గదిలో వేరే ఏర్పాటు చేశారు. ఆవిడకి మోకాళ్ల నెప్పులు. మెట్లు చూసి, "నేను ఎక్కలేనమ్మా, ఇక్కడే పెట్టండి" అని కింద వంటశాల పక్కన మేమంతా కూర్చున్న బల్ల దగ్గరికి వచ్చేశారు. మినపరొట్టె, పెసరట్టు, ఉప్మా, అల్లప్పచ్చడి, చివర బందరు లడ్డూ. వడ్డించేవాళ్లని కూడా కూర్చోమన్నారు. వాళ్లు కూర్చోలేదు గాని, గరిటెలు పట్టుకుని చుట్టూ నిలబడ్డారు. అలా ఒక గంట గడిచింది. రెండురోజుల సభల్లో నాకు మిగిలింది ఆ గంటే.

మొదటి ప్రశ్న ఒక కుర్ర విలేకరి అడిగాడు. "మేడమ్, మీరు ఇంట్లో వంట చేస్తారా?" ఆవిడ నవ్వారు. "ఈ ప్రశ్న యాభై ఏళ్లుగా వింటున్నాను బాబూ. మేడమీద ఉన్న పదిమందినీ కూడా అడిగి రా, అప్పుడు చెప్తాను" అన్నారు. నాకు మాలతీ చందూర్‌గారు గుర్తొచ్చారు. అప్పటి కృష్ణా జిల్లా నూజివీడులో పుట్టిన మనిషి. "హృదయనేత్రి" నవలకి 1992లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. "పాత కెరటాలు" పేరుతో ప్రపంచ నవలలన్నీ తెలుగు స్త్రీలకి పరిచయం చేశారు. "ప్రమదావనం" శీర్షికలో దశాబ్దాలపాటు మన ప్రశ్నలకి జవాబులు చెప్పారు. అన్ని చేసినా, చాలా ఇళ్లల్లో ఆవిడ పేరు చెప్పగానే మొదట గుర్తొచ్చేది "వంటలు-పిండివంటలు" పుస్తకమే. వంట పుస్తకం రాయటం తక్కువ పని అని కాదు. మిగతావి గుర్తు లేకపోవటమే బాధ. విశ్వనాథ సత్యనారాయణగారు బందరులో చదువుకున్నారు. ఆయన చాలా నవలలు నోటితో చెబుతుంటే పక్కన కూర్చుని రాసిపెట్టినవాళ్లున్నారు. ఆయన్ని వంట గురించి ఎవరైనా అడిగి ఉంటారా?

తర్వాత చిలకలపూడినుంచి వచ్చిన ఒకామె అడిగింది. ఆమె రోల్డ్ గోల్డ్ నగలకి ఇంట్లో కూర్చుని రాళ్లు అతికే పని చేస్తుంది. జతకి ఇంత అని కూలి. "అమ్మా, మీ నవల్లో అమ్మాయి పెట్టుకున్న నెక్లెసు గురించి అర పేజీ రాశారు. చదివి మురిసిపోయాను. కానీ ఆ రాళ్లు అతికే చేతుల గురించి ఒక్కసారన్నా రాయలేదేమండీ?" అంది. బల్ల చుట్టూ ఒక్కసారి మాటలు ఆగిపోయాయి. ఎవరో ఆమెని మోచేత్తో పొడిచారు, ఊరుకోమని. రచయిత్రి, "పొడవకండి, అడగనివ్వండి" అన్నారు. "నేను పెరిగిన ఇంట్లో, నేను కాపురం చేసిన ఇంట్లో నీలాంటి మనిషి లోపలికి వచ్చి కూర్చోలేదమ్మా. వచ్చినా గుమ్మం దగ్గరే. చూడని జీవితం రాయలేకపోయాను. ఇది జవాబే గాని, సరిపోయే జవాబు కాదు" అన్నారు. తర్వాత ఆహ్వానపత్రం వెనక్కి తిప్పి అడగటం మొదలుపెట్టారు. రోజుకి ఎన్ని జతలు? లెక్క ఎవరు రాస్తారు? విరిగితే డబ్బు ఎవరిది? రాత్రిళ్లు చేస్తే కళ్లు ఎలా ఉంటాయి? ఆమె చెబుతూ పోయింది, ఈవిడ రాసుకుంటూ పోయారు. పేరున్న ఒక రచయిత్రి రోల్డ్ గోల్డ్ కూలీ చెప్పింది రాసుకోవటం నేను అదే చూడటం.

మన గుడివాడనుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఆఫీసులో టైపిస్టుగా చేరి, ముప్ఫై ఏళ్లు చేసి రిటైరయ్యారు. ఆవిడ "సెక్రటరీ" నవల సంగతి ఎత్తారు. అది ఈ రచయిత్రి రాసింది కాదు. అయినా అడిగారు. "ఆ నవల్లో జయంతి ఉద్యోగం చేస్తుంది కదండీ. అది చదివి నేను టైపు నేర్చుకుంటానన్నాను. మా నాన్నగారు కాదన్నారు. జయంతి చేస్తే అందరూ మెచ్చుకుంటున్నారు, నేను చేస్తే తప్పేమిటన్నాను. రెండురోజులు అన్నం మానేశాను. ఒప్పుకున్నారు. ఉద్యోగం వచ్చింది. పెళ్లయ్యాక ప్రతి నెలా జీతం కవరు విప్పకుండా మా అత్తగారి చేతిలో పెట్టాను. బస్సు పాసుకి కూడా ఆవిణ్ణే అడిగేదాన్ని. నవల పెళ్లి దగ్గర ఆగిపోయింది. ఆ తర్వాతి పేజీ ఎవరన్నా రాసుంటే నేను ఇంకో రెండురోజులు అన్నం మానేసేదాన్నేమో" అన్నారు. అందరం నవ్వాం. ఆవిడ నవ్వలేదు.

ఇక్కడ మనం కాస్త ఆగి ఆలోచించాలి. ఆ నవలల్ని స్త్రీవాదులు కూడా చాలా విమర్శించారు. ఆరడుగుల హీరో, పెద్ద కారు, పెద్ద మేడ, చివరికి పెళ్లి - ఇవన్నీ కలలు అమ్మాయన్నారు. ఆ విమర్శలో నిజముంది. చల్లపల్లి ఎస్టేటు కింద బతికిన కుటుంబాలకి తెలిసిన జమీందారుకీ, నవల్లో జమీందారు కొడుక్కీ పోలికే లేదు. కానీ ఆ కలలోంచే ఒక అమ్మాయి టైపు మిషను దగ్గరికి నడిచింది కదా. నవల ఆమెని గుమ్మం దాటించింది, జీతం కవరు దగ్గర వదిలేసింది. ఈ రెండూ నిజమే. రెండోది చెప్పటానికి మొదటిది దాచనక్కర్లేదు. పాఠకురాలిని అడక్కుండా నవలని తూకం వేసినవాళ్లకి ఈ రెండో పక్క కనిపించలేదు.

మూడో ప్రశ్న దివిసీమనుంచి వచ్చింది. 1977 నవంబర్ 19 ఉప్పెన మీలో పెద్దవాళ్లకి గుర్తుంటుంది. పదివేలమందికి పైగా పోయారు. సొర్లగొంది లాంటి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. అప్పటికి ఈమెకి తొమ్మిదేళ్లు. తల్లీ, ఇద్దరు అక్కలూ పోయారు. తండ్రీ, తమ్ముడూ, తనూ మిగిలారు. ఆమె అడిగినదాన్ని ప్రశ్న అనాలో, ఇంకేమన్నా అనాలో నాకు తెలియదు. "అమ్మా, మా ఉప్పెన మీద కవిత్వం వచ్చింది, వ్యాసాలు వచ్చాయి. ఫోటోలు తీశారు. తర్వాత మాకు ఇల్లు ఇచ్చారు. పట్టా మా నాన్న పేర ఇచ్చారు. నాన్న పోయాక తమ్ముడి పేరన మారింది. నీళ్లలోంచి ముగ్గురం బయటపడ్డాం. కాగితంలోకి ఒక్కడే వచ్చాడు. దీని గురించి ఎవరన్నా రాశారా?" అంది.

నగ్నమునిగారి "కొయ్యగుర్రం" ఆ ఉప్పెన మీద వచ్చిన దీర్ఘకవితే. ప్రభుత్వాన్నీ, మన నిర్లక్ష్యాన్నీ నిలదీసిన రచన అది. కానీ ఈమె అడిగినది ఉప్పెన తర్వాతి సంగతి. ఉప్పెన ఒక రాత్రి వచ్చి పోయింది. పట్టా మీద లేని పేరు నలభై ఏళ్లకు పైగా లేకుండానే ఉంది. రచయిత్రి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "దీనికి నవల చాలదమ్మా, ముందు లాయరు కావాలి. నవల నేను చూస్తాను, లాయరుని మీ సంఘంవాళ్లు చూడాలి" అని నా వైపు చూశారు. కాబట్టి ఆ లాయరు సంగతి కూడా ఇక్కడ చెప్పటం నా బాధ్యత.

1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం, తండ్రి వీలునామా రాయకుండా చనిపోతే ఆయన సొంత ఆస్తిలో కొడుకుతో సమానంగా కూతురికీ వాటా ఉంది. పెళ్లయినా ఉంది. అయితే మగ వారసులు పంచుకుంటే తప్ప, కూతురు తనంతట తాను కాపురమున్న ఇంటిలో భాగం పంచమని అడగటానికి వీల్లేదని అందులో 23వ సెక్షన్ ఉండేది. 2005లో దాన్ని తీసేశారు. ఉమ్మడి కుటుంబ ఆస్తి సంగతి వేరు. అందులో కూతురికి పుట్టుకతోనే హక్కు ఇస్తూ మన రాష్ట్రం దేశంలో చాలా రాష్ట్రాలకంటే ముందే సవరణ తెచ్చింది. అది 1985 సెప్టెంబర్ 5నుంచి అమల్లోకి వచ్చింది, కానీ ఆ తేదీకి పెళ్లి కాని కూతుళ్లకే వర్తించింది. 2005 సెప్టెంబర్ 9నుంచి కేంద్ర చట్టం ఆ తేడా తీసేసింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండనక్కర్లేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. క్రైస్తవ కుటుంబాలకి 1925 భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది, అందులో కొడుకు, కూతురు తేడా లేదు. ముస్లిం కుటుంబాల్లో కూతురికి కొడుకు వాటాలో సగం వస్తుంది. కట్నం ఇచ్చాం కదా, పసుపు కుంకుమ ఇచ్చాం కదా అంటారు. కట్నం ఇచ్చినంత మాత్రాన వాటా పోదు. అన్నదమ్ములు తెచ్చిన హక్కు విడుదల పత్రం మీద చదవకుండా సంతకం పెడితే మాత్రం పోతుంది.

ఇప్పుడు ఆ నవలల్ని ఈ చట్టం పక్కన పెట్టి చూడండి. నవల్లో అమ్మాయికి ఇల్లూ, కారూ, గౌరవమూ భర్తనుంచి వస్తాయి. చట్టంలో ఆమె ఆస్తి పుట్టుకనుంచి వస్తుంది. డెల్టా భూమి ఎకరం ఎంత ధర పలుకుతుందో మీకు తెలుసు. ఇంత విలువైన భూమి మధ్య పుట్టిన అమ్మాయి, తన వాటా అడగటం మానేసి, ఆస్తి ఉన్న భర్త కోసం ఎదురుచూడటం మనకి అలవాటైపోయింది. ఆ అలవాటుని నవలలు పుట్టించలేదు. మన ఇళ్లే పుట్టించాయి. కానీ దాన్ని ప్రశ్నించే నవల ఒకటి కావాలని అడిగే హక్కు మనకుంది.

బల్ల దగ్గర చివర ఆవిడ తన సంగతి చెప్పారు. "మీరు చెప్పారు కాబట్టి నేనూ చెప్తాను. ఇంట్లో అందరూ పడుకున్నాక రాసేదాన్ని. నా మొదటి సీరియల్ డబ్బు మావారి పేర వచ్చింది. అడిగితే, మీకు బ్యాంకు పని ఎందుకండీ అన్నారు. నా నవల సినిమాకి తీసుకున్నప్పుడు ఒక కాగితం తెచ్చి సంతకం పెట్టమన్నారు. అందులో ఏముందో నేను చదవలేదు, చదవనివ్వలేదు. ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. మీరు జీతం కవరు అన్నారు కదా, నాదీ అదే కవరు" అన్నారు. అంతదాకా ఆవిడ వేదిక మీది మనిషి. ఆ మాటతో ఆ బల్ల దగ్గరి మనుషుల్లో ఒకరయ్యారు.

దీనికి కూడా చట్టం ఉంది. మనలో రాసేవాళ్లున్నారు, పాటలు కట్టేవాళ్లున్నారు, కాబట్టి చెప్తున్నాను. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచన హక్కులు ఇంకొకరికి ఇవ్వాలంటే రాతపూర్వకంగా, సంతకంతో ఇవ్వాలి. నోటిమాట చెల్లదు. ఎన్నేళ్లకని కాగితంలో రాయకపోతే ఐదేళ్లకే ఇచ్చినట్టు లెక్క అని 1994 సవరణలో చేర్చారు. ఏ హక్కు ఇస్తున్నారో, దానికి ఎంత ఇస్తారో కాగితంలో ఉండాలి. రచయిత్రి పోయాక కూడా ఆ మర్నాటి సంవత్సరంనుంచి 60 ఏళ్లు ఆ హక్కు వారసులకి ఉంటుంది. అంటే కాజలో పుట్టిన సులోచనారాణిగారి రచనలకి 2078 చివరిదాకా రక్షణ ఉంది. రాసిన స్త్రీ సంతకం పెట్టేముందు చదవాలి. ఆమె చదవటానికి ఒక రోజు గడువు అడగాలి. ఇది అవమానం కాదు, హక్కు.

ఇక ఏం చెయ్యాలి? మొదటిది, సభల సంగతి. సాహిత్య సభలు ఏర్పాటు చేసేవాళ్లకి మనం ఒక వినతిపత్రం ఇవ్వాలి. రచయిత్రిని పిలిస్తే ఆవిడకి సగం సమయం ఇవ్వాలి. మిగతా సగం చదివినవాళ్ల ప్రశ్నలకి ఇవ్వాలి. సభ ఇంటి పనులు తెమిలే పదకొండింటికి మొదలుపెట్టి, చల్లపల్లి, మోపిదేవి మీదుగా దివిసీమకి వెళ్లేవాళ్లకి బస్సు అందేలా ముగించాలి. ఆడవాళ్లకి శుభ్రమైన మరుగుదొడ్డి, చిన్నపిల్లల్ని పెట్టుకోవటానికి ఒక గది ఉండాలి. సాహిత్యానికీ మరుగుదొడ్డికీ ఏం సంబంధమని నవ్వేవాళ్లు, పొద్దుణ్ణుంచి సాయంత్రందాకా మంచినీళ్లు తాగకుండా సభలో కూర్చున్న ఆడవాళ్లని అడగాలి.

రెండోది, గ్రంథాలయాలు. 1960 ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలు చేస్తారు. అది మనం కట్టే డబ్బు. మన ఊరి పంచాయతీ, మున్సిపాలిటీ ఆ పన్ను ఎంత వసూలు చేసింది, జిల్లా గ్రంథాలయ సంస్థకి ఎంత జమ చేసింది అని 2005 సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. దరఖాస్తు రాయటం ఇవాళ మధ్యాహ్నం నేర్పుతారు. 1935లో పెదపులిపాకనుంచి పాతూరి నాగభూషణంగారు పడవ మీద పుస్తకాలు వేసుకుని కాలవ వెంట ఊళ్లకి పంచారు. పుస్తకం మనిషి దగ్గరికి వెళ్లాలనే ఆలోచన ఈ జిల్లాలోనే నడిచింది. చిలకలపూడిలో రాళ్లు అతికే వీధికి, నాగాయలంక దాటాక ఉన్న పల్లెలకి ఇవాళ ఏ పుస్తకం వెళ్తోంది?

మూడోది మన పని. మూడు నెలలకి ఒకసారి బందరులో, గుడివాడలో, అవనిగడ్డలో వంతులవారీగా ఒక రచయిత్రిని పిలిచి, వేదిక లేకుండా, ఫలహారాలు పెట్టి కూర్చుందాం. వచ్చేముందు ఆవిడ పుస్తకం ఒకటి అందరం చదువుదాం. చదవటం రానివాళ్లకి ఒకరు పైకి చదివి వినిపించాలి. వడ్డించేవాళ్లు కూడా కూర్చునేలా ముందే వంతులు వేసుకుందాం. ఎవరూ ఎవరినీ మోచేత్తో పొడవకూడదు. అడిగిన ప్రతి ప్రశ్ననీ, చెప్పిన ప్రతి జవాబునీ ఒకరు నోటుపుస్తకంలో రాయాలి. ఎందుకంటే నవలలు మిగిలాయి గాని, వాటిని చదివిన ఆడవాళ్లు ఏమనుకున్నారో మనకి దాదాపు ఏమీ మిగల్లేదు. మన తల్లులు ఆ సీరియల్ పేజీలు కుట్టిపెట్టారు గాని, వాటి పక్కన తమ మాట ఒక్కటి రాసిపెట్టలేదు. రాసుకోమని వాళ్లకి చెప్పినవాళ్లు లేరు.

చివరిగా ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను. దివిసీమనుంచి వచ్చిన ఆమె ఇవాళ ఈ సమావేశానికి వచ్చింది. మా సంఘం తరఫున లాయరుగారు ఆమె కాగితాలు చూశారు. తండ్రి వీలునామా ఏదీ రాయలేదు. ఆమె తమ్ముడితో మొదట కూర్చుని మాట్లాడాలని, ఒప్పుకోకపోతే నోటీసు ఇవ్వాలని అనుకున్నాం. తమ్ముడితో మాట్లాడటానికి వచ్చే ఆదివారం నాగాయలంక వెళ్తున్నాం. మీలో నలుగురు తోడు వస్తే బాగుంటుంది. వచ్చేవాళ్లు భోజనానికి లేచేముందు నా దగ్గర పేర్లు ఇవ్వండి.

ఇప్పుడిక మీరు అడగండి.